చూసే సభ్యురాలు

జనవరి 6, సోమవారం

మూడు రాజుల పండగ. యోస్ట్ ఇంట్లో కోసిన తీపి రొట్టెలో దాచిపెట్టే ప్లాస్టిక్ రాజు బొమ్మ నా ముక్కలోనే దొరికింది. అట్ట కిరీటం పెట్టారు. కిరీటం పెట్టుకున్నవాళ్ల మాట ఆ రోజంతా ఇంట్లో చెల్లాలి. చెల్లలేదు.

కాఫీ తాగుతుంటే యోస్ట్ క్లబ్బు పత్రిక తెచ్చి నా ముందు పరిచాడు. జూన్‌లో తెరవబోయే కొత్త క్లబ్బు భవనం బొమ్మ ఉంది అందులో. తలుపు తియ్యగానే ఎదురు గోడ మీద పెద్ద చెక్క పలక. "ఎఫ్.సి. రీడ్‌మాట్ తరఫున అత్యధిక మ్యాచ్‌లు." మొదటి పేరు యోస్ట్ ఇండర్‌గాండ్, 412. అంటే మా అన్న. దాని కింద తొమ్మిది పేర్లు, తొమ్మిదీ మగవాళ్లవే. రెండో పేరు పక్కన 371 అని ఉంది.

"ఇందులో నేనెక్కడ?" అన్నాను.

"ఇది క్లబ్బు పలకే, ఆగీ." ఆగ్నెస్ అన్న నా పేరు ఇంట్లో ఆగి అయింది.

"మరి నేనాడింది ఎవరికి? ఉద్యోగమిచ్చిన పోస్టాఫీసుకా?"

"అబ్బ, అది కాదే. మీది ఆడవాళ్ల జట్టు కదా. అది వేరు." ఇంకో ముక్క రొట్టె నా పళ్లెంలో పెట్టాడు, నోరు మూయించడానికి.

1984 నుంచి 2003 దాకా పందొమ్మిది సీజన్లు ఫుట్‌బాల్ ఆడాను. నాలుగో నంబరు చొక్కా, వెనక మధ్యలో, అవతలివాళ్లని ఆపే చోటు. 431 మ్యాచ్‌లు. ఆ పలక మీద ఎవరికన్నా నేనే ఎక్కువ, యోస్ట్ కన్నా కూడా. ఈ ఊళ్లో అది తెలియనివాళ్లు లేరు, ఒప్పుకునేవాళ్లూ లేరు.

నాకేం పట్టింపు లేదు. చెక్కముక్క అది. కిరీటం ఇంకా తల మీదే ఉందని బస్సు దిగాక చూసుకున్నాను.

జనవరి 7

పట్టింపు లేదని నిన్న రాశాను. నిజమే రాశాను.

జనవరి 8

ఓత్మార్‌కి ఉత్తరం రాశాను.

జనవరి 14, మంగళవారం

ఓత్మార్ ఫోన్ చేశాడు. క్లబ్బు అధ్యక్షుడు. వాళ్ల నాన్న కూడా అధ్యక్షుడే. మాట మెత్తన, బీమా ఆఫీసులో నేర్చుకున్న మెత్తదనం.

"ఉత్తరం చదివాను ఆగ్నెస్. చాలా చక్కగా రాశావు. కానీ మార్చిలో క్లబ్బు సభలో ఆ పలక గురించి నువ్వు తీర్మానం పెట్టడానికి కుదరదు. నీకు ఓటు లేదు."

"నలభై ఏళ్ల నుంచీ సభ్యురాలినోయ్."

"సభ్యురాలివే. కాకపోతే చూసే సభ్యుల జాబితాలో ఉన్నావు. చూసే సభ్యులు చందా కట్టి గట్టు మీద నిలబడి మ్యాచ్ చూస్తారు, సభలో వెనక కూర్చుంటారు. ఓటు ఆడే సభ్యులకీ గౌరవ సభ్యులకీ. ఎనభై నాలుగులో మీ జట్టు పెట్టినప్పుడు మిమ్మల్నందర్నీ ఆ జాబితాలో రాశారట. రెండువేల తొమ్మిదిలో అమ్మాయిలందర్నీ ఆడే సభ్యులుగా మార్చాం. అప్పటికి నువ్వు ఆట మానేశావు."

"పందొమ్మిదేళ్లు చూస్తూ నిలబడ్డానా అయితే?"

"నేను రాయలేదు కదా తల్లీ."

"ఎవరూ మార్చలేదేం?"

"ఎవరూ అడగలేదు," అన్నాడు. అబద్ధమైతే ఏదో ఒకటి అనేదాన్ని. నిజమే చెప్పాడు కాబట్టి ఫోన్ పెట్టేశాను.

జనవరి 19, ఆదివారం

మంచు. బయటికెళ్లలేదు. మోకాలు బాగానే ఉంది.

చూసే సభ్యురాలు ఏమేం చూసిందో ఇవాళ రాస్తాను. ఎవరి కోసమూ కాదు.

మొదటి మ్యాచ్ 0-11. నాకు పద్దెనిమిది. రైలు కట్ట పక్కనున్న వెనక మైదానం మాది, ఒక వైపుకి వాలి ఉండేది, బంతి వదిలేస్తే తనంతట తనే కార్నర్ జెండా దగ్గరికి పోయేది. ముందున్న చదును మైదానం మగవాళ్లకి. చొక్కాలు వాళ్లవి, పాతబడ్డాక మాకు. శనివారం మేం ఆడేవాళ్లం. ఆదివారం వాళ్లు ఆడుతుంటే మేం నిప్పుల మీద సాసేజిలు కాల్చి అమ్మేవాళ్లం. ఏడో గోల్ తర్వాత మా నాన్న పాలు పితకాలని వెళ్లిపోయాడు. పదకొండో గోల్ తర్వాత మా గోల్‌కీపర్ మార్లీస్ బంతిని రైలు కట్ట అవతలికి తన్ని, ఇక దొరకదని చెప్పింది. రిఫరీ వెతకమన్నాడు. అందరం కలిసి వెతికాం, మ్యాచ్ టైమంతా అయిపోయేలా.

మరుసటి ఏడు అదే జట్టుతో 0-4. ఆ సాయంత్రం రోస్లీ హోటల్లో గెలిచినవాళ్లలాగా పాడాం. మూడో ఏడు 1-0 గెలిచాం. అవతలి తొమ్మిదో నంబరు పిల్ల, కొరీన్ అని, జ్యూరిక్ నుంచి వచ్చింది, నాకంటే తలంత ఎత్తు, గుర్రంలా పరిగెత్తేది. ఎనభై నిమిషాలూ దాని వెంటే ఉన్నాను. నీళ్లు తాగడానికి వెళ్తే పక్కన నిలబడ్డాను. చివర్లో కొరీన్ నాతో, "ఇంటికి కూడా వస్తావా?" అంది. వంట ఏం చేస్తావో చెబితే వస్తానన్నాను.

గోల్స్ వేసినవాళ్ల పేర్లు పేపర్లో వస్తాయి. యోస్ట్ ముందు ఆడేవాడు, వాడివి మా అమ్మ కత్తిరించి డబ్బాలో దాచింది. నేను వెనక ఆపినవి ఎవరు కత్తిరిస్తారు? జరగనిదాన్ని పేపర్లో వేయరు.

1990లో దేశపు జట్టుకి పిలుపొచ్చింది. పదకొండు మ్యాచ్‌లు. తెల్లవారుజామున పోస్టు సంచి మోసి, మధ్యాహ్నం రైలెక్కి, నా సెలవులు ఖర్చు పెట్టుకుని వెళ్లేదాన్ని. అక్కడిచ్చిన చొక్కా కూడా మగవాళ్ల కొలతే. చేతులు వేళ్ల దాకా వచ్చేవి. మ్యాచ్ అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. పదకొండోది ఇవ్వలేదు. ఉతుకులో పోయిందని చెప్పాను. బీరువాలో ఉంది. కావాలంటే వచ్చి తీసుకోమనండి.

యోస్ట్ మా మ్యాచ్‌లకి లైన్ పక్కన జెండా పట్టుకునేవాడు. మాకు జెండా మనిషిని క్లబ్బే ఇవ్వాలి, ప్రాక్టీసు ఎగ్గొట్టినవాడికి శిక్షగా ఆ పని పడేది. వాడు ఎప్పుడూ ఎగ్గొట్టేవాడే. జెండా చంకలో పెట్టుకుని గడియారం చూసుకుంటూ ఉండేవాడు. ఒకసారి నా గోల్‌కే ఆఫ్‌సైడ్ ఇచ్చాడు. పందొమ్మిదేళ్లలో నేను వేసిన గోల్స్ ఆరు. అది ఏడోది అయ్యేది.

ఆఫ్‌సైడ్ కాదది.

జనవరి 26, ఆదివారం

యోస్ట్ ఇంట్లో భోజనం. మక్రోనీ, బంగాళాదుంపలు, జున్ను, పక్కన ఆపిల్ గుజ్జు. తినేంతవరకూ బాగానే ఉన్నాం.

"ఓత్మార్‌కి ఉత్తరాలు రాస్తున్నావంట," అన్నాడు.

"నీకు ఓటుంది. నా బదులు నువ్వు పెట్టు తీర్మానం. ఆడా మగా అందరికీ కలిపి ఒకే పట్టిక. అంతే."

"అంటే నన్ను నేనే దింపుకోవాలా?"

"లెక్క ఎలా ఉంటే అలా."

ఫోర్కు కింద పెట్టాడు. "ఆగి, కోప్పడకు. మొదట్లో మీ మ్యాచ్‌లు ఎనభై నిమిషాలే. మావి తొంభై. రెంటినీ ఒక పలక మీద ఎలా రాస్తారే?"

"మీ తొంభైలో నువ్వు ముప్పై నిమిషాలు నడిచేవాడివి. చూసే సభ్యురాలిని కదా, చూశాను."

వదిన నవ్వింది. యోస్ట్ నవ్వలేదు. "ఆ పలక ఒక్కటే నాకు మిగిలింది," అన్నాడు. "రైల్వేలో నలభై రెండేళ్లు చేశాను, దానికో గడియారం ఇచ్చారు. పిల్లలు బాజెల్‌లో ఉంటారు, ఫోన్ చేస్తే ఎత్తరు. రోస్లీ హోటల్లోకి వెళ్తే నాలుగొందల పన్నెండు వచ్చాడంటారు. అది కూడా నీకే కావాలా?"

పళ్లెం తీసుకెళ్లి కడిగాను. ఇంటికొచ్చాక చాలా అన్నాను, గోడతో.

ఇది యోస్ట్ మీద కాదు. వాడి మీద కాదు.

ఫిబ్రవరి 1, శనివారం

నోటి మాట నమ్మరు. కాగితాలు కావాలి. మార్లీస్ దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు ఆల్ట్‌డార్ఫ్‌లో జుట్టు కత్తిరించే షాపు నడుపుతోంది. చెప్పుల పెట్టెల్లో మ్యాచ్ కాగితాలన్నీ దాచింది, మట్టి మరకలతో సహా. గోల్‌కీపర్లు ఏదీ పారేయరు.

నలుగురు ఆడవాళ్లు జుట్టుకి రంగు పెట్టించుకుని కూర్చుని ఉండగా అడిగాను, "మార్లీస్, నా 431 నువ్వెక్కడ లెక్కపెట్టావు? నా ఆఖరి మ్యాచ్ రోజు కేకు మీద రాసింది నువ్వే కదా."

దువ్వెన ఆపింది. "చెబితే తిట్టవుగా?"

"చెప్పు."

"లెక్కపెట్టలేదే. కేకు పెద్దది, మధ్యలో ఖాళీ ఎక్కువుంది. ఏదో అంకె వేద్దామనుకున్నాను. నాలుగొందలంటే మరీ రౌండ్ అంకె, ఎవరూ నమ్మరు. అందుకని 431 వేశాను. చక్కెరతో."

ఇరవై రెండేళ్లుగా ఆ అంకె చెప్పుకు తిరిగాను. పోస్టు పంచే ఇళ్లలో చెప్పాను. డాక్టరుకి కూడా చెప్పాను, మోకాలు చూపించినప్పుడు.

"ఎక్కువే అయ్యుండొచ్చు," అంది మార్లీస్.

"ఎక్కువే ఉంటుంది," అన్నాను.

ఫిబ్రవరి 4

పెట్టెలు వంటింటి బల్ల మీద. 1984 నుంచి 1989 దాకా అయింది. పలక మీద లీగు మ్యాచ్‌లే రాశారు, నేనూ అవే తీసుకుంటున్నాను. బాగానే సాగుతోంది.

ఫిబ్రవరి 9

1996లో సగం సీజన్ మోకాలితో మంచం మీదున్నానన్న సంగతి మర్చిపోయాను.

ఫిబ్రవరి 12

398.

ఫిబ్రవరి 13

ఫ్యోన్ గాలి. కొండల మీంచి వేడిగా దిగి కిటికీలు కొడుతోంది. తలనొప్పి.

ఫిబ్రవరి 14

మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. లూసర్న్‌లో ఫుట్‌బాల్ సంఘం ఆఫీసుకి కూడా ముందే రాశాను, పాత పట్టికలు పంపారు. 398.

ఫిబ్రవరి 17, సోమవారం

మూడు రోజులు ఏడుపు మొహంతో తిరిగాను. చాలు.

యోస్ట్ 412. నేను 398. వాడే పైన. ఇన్నాళ్లూ నేను పైన, నేను పైన అని మనసులో వాడి నెత్తి మీద కూర్చున్నాను. దిగాను. దిగితే కాళ్లు నేల మీదే ఉన్నాయి.

అయితే ఇక ఊరుకోవచ్చా? ఎందుకు ఊరుకోవాలి? పలక మీద రెండోవాడికి 371. మూడోవాడికి 340. పదోవాడికి 288, ఆ పదోవాడు సగం మ్యాచ్‌లు బెంచీ మీద కూర్చున్నాడు. 398 రెండో స్థానం. అది నాది, చక్కెరతో రాసింది కాదు. రైలు కట్ట పక్క బురదలో రాసింది.

మొదటి స్థానం కోసం పోట్లాడితే అసూయ అంటారు. రెండో స్థానం కోసం పోట్లాడేదాన్ని ఏమంటారో చూస్తాను.

ఫిబ్రవరి 20, గురువారం

ఓత్మార్ ఇంటికే వచ్చాడు. బూట్లు గుమ్మం దగ్గర విప్పాడు, అంటే పెద్ద పనే. బేరిపండు సారా కలిపిన కాఫీ ఇచ్చాను.

"కమిటీలో మాట్లాడాం ఆగ్నెస్. నిన్ను గౌరవ సభ్యురాలిని చేయాలనుకుంటున్నాం. సభలో చప్పట్లతో. కానుకల బుట్ట, పూలు, పేపర్లో ఫోటో. క్లబ్బులో గౌరవం పొందిన మొదటి ఆడదానివి నువ్వే అవుతావు."

"మరి పలక?"

"దానికీ దారి ఆలోచించాం. అమ్మాయిలు బట్టలు మార్చుకునే గది పక్కన, నడవాలో, చిన్న పలక. ఆడవాళ్లది విడిగా. నీ పేరే మొదట."

"మరుగుదొడ్డి తలుపు ఎటువైపు?"

"పక్కనే... అంటే, ఎదురుగా కాదు." కాఫీ గుక్క వేశాడు. "ఆగ్నెస్, మీ అన్న ఆరోగ్యం కూడా చూడు. అరవై రెండుకి దగ్గర పడుతున్నాడు. గౌరవం తీసుకో. ఆ తర్వాత ఈ గొడవ వదిలేద్దాం. ఏమంటావు?"

"ఆలోచిస్తాను," అన్నాను.

అతను దాన్ని సరే అనుకున్నాడు. బూట్లు తొడుక్కుంటూ పాట కూడా ఈల వేశాడు. నేను ఆలోచిస్తానన్నాను, ఆలోచిస్తున్నాను.

ఫిబ్రవరి 27, గురువారం

సభ పిలుపు పోస్టులో వచ్చింది. మార్చి 15, శనివారం, సాయంత్రం అయిదు, రోస్లీ హోటల్ హాలు. అంశాల వరస చూశాను. ప్రతి ఏడూ గౌరవాలు చివర్లో ఉంటాయి, భోజనానికి ముందు. ఈసారి అయిదో అంశం. కొత్త భవనం లోపలి అమరిక ఎనిమిదో అంశం.

ఓత్మార్‌కి ఫోన్ చేసి గౌరవాలు ముందుకెందుకు జరిగాయని అడిగాను.

"ఆ ఫోటోగ్రాఫర్ గొడవ," అన్నాడు. "మార్చి కదా, ఊరూరా సభలే. ఆరింటికల్లా అతను తుపాకీ క్లబ్బు వాళ్ల సభకి పోవాలి. నీ ఫోటో పోకూడదని ముందుకి జరిపాను. అభ్యంతరమా?"

"నాకేం అభ్యంతరం," అన్నాను.

తర్వాత క్లబ్బు నిబంధనల పుస్తకం తీశాను. పదకొండో నిబంధన మూడుసార్లు చదివాను. గౌరవ సభ్యులకు ఆ క్షణం నుంచి ఆడే సభ్యుల హక్కులన్నీ ఉంటాయి. పద్నాలుగోది ఒక్కసారే చదివాను. వరసలో ఉన్న ఏ అంశం మీదైనా ఓటున్న ఎవరైనా సభలోనే లేచి సవరణ అడగొచ్చు.

బయట కార్నివాల్ డోళ్లు మొదలయ్యాయి.

మార్చి 3

యోస్ట్ డోలు వాయిస్తూ గుంపుతో నా కిటికీ కింది నుంచి వెళ్లాడు. ఏటా పైకి చూసి కర్ర ఊపుతాడు. ఈసారి చూడలేదు.

నేనూ కిటికీలో లేను. కర్టెన్ వెనక ఉన్నాను.

మార్చి 8, శనివారం

జుట్టు కత్తిరించుకున్నాను. మార్లీస్ అడిగింది, "398 అని యోస్ట్‌కి చెప్పావా?"

"లేదు."

"వాణ్ణి దింపేస్తావని కుమిలిపోతున్నాడటే. ఒక్క మాట చెబితే పోతుందిగా."

"వాడు అడగలేదు."

"నువ్వూ ఓత్మారూ ఒక్కటే," అంది. చెవి దగ్గర కొంచెం ఎక్కువే కత్తిరించింది.

చెప్పాలని రెండుసార్లు ఫోన్ తీశాను. చెబితే వాడు నా తరఫున చెయ్యెత్తుతాడు, తన మొదటి స్థానం పోదు కాబట్టి. అలాంటి చెయ్యి నాకొద్దు. అనుకున్నాను. లేక వాడు కుమిలిపోవడం నాకు బాగుందేమో. పక్కన మనిషి లేనప్పుడు కూడా ఇది రాయడం కష్టంగానే ఉంది. బాగుంది.

మార్చి 14

రేపు.

మార్చి 16, ఆదివారం

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాలు నిండింది. ముందు బల్లల దగ్గర ఓటున్నవాళ్లు, అందరికీ తలా ఒక పచ్చ అట్ట. వెనక బెంచీల మీద మేం, చూసేవాళ్లం. మార్లీస్ నా పక్కన. రెండో అంశం ఓట్లు లెక్కపెట్టేవాళ్ల ఎన్నిక. ఎడమ సగానికి యోస్ట్, కుడి సగానికి కారి అనే ఇంకో సభ్యుడు. యోస్ట్‌ని ప్రతి ఏడూ ఎన్నుకుంటారు, గొంతు పెద్దదని. పెన్సిల్ చెవి మీద పెట్టుకుని బల్లల మధ్య దారిలో నిలబడ్డాడు. నన్ను చూడకుండా ఉండటానికి కిటికీ చూశాడు.

అయిదో అంశం. ఓత్మార్ నన్ను ముందుకి పిలిచాడు. నేను ఆడవాళ్ల ఆటకి తల్లినన్నాడు. తల్లిని కాదు, నాలుగో నంబరుని. ఆ మాట అనలేదు, బుట్ట బరువుగా ఉంది. ఒప్పుకుంటారా అని సభని అడిగాడు, అందరూ చప్పట్లు కొట్టారు, కొందరు లేచి కొట్టారు. ఫోటోగ్రాఫర్ రెండు తీసుకుని, గడియారం చూసుకుని, వెళ్లిపోయాడు.

"ఆగ్నెస్, భోజనాల గదిలో హాయిగా కూర్చో. కాఫీ క్లబ్బు తరఫున," అన్నాడు ఓత్మార్.

"ఇక్కడే బాగుంది," అన్నాను. బుట్ట మార్లీస్‌కిచ్చి ముందు బల్ల దగ్గర, ఎడమవైపు, ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. "నా పచ్చ అట్ట ఏది?"

ఎవరో నవ్వారు. ఓత్మార్ నవ్వలేదు. బీమా మనిషి కదా, చిన్నక్షరాలు కూడా గుర్తుంటాయి. పదకొండో నిబంధన అతని మొహంలో పైనుంచి కిందికి దిగడం చూశాను. కారి అట్ట తెచ్చి ఇచ్చాడు.

ఎనిమిదో అంశం దాకా నోరెత్తలేదు. ఆ తర్వాత లేచాను. కాగితాల కట్ట బల్ల మీద పెట్టాను.

"పద్నాలుగో నిబంధన ప్రకారం సవరణ. తలుపు ఎదురుగా ఒకే పలక. ఈ క్లబ్బు చొక్కా వేసుకుని లీగులో ఆడినవాళ్లందరూ, ఆడా మగా, ఒకే పట్టిక, ఒకే లెక్క. నడవాలో పలక వద్దు."

కుడివైపు నుంచి ఒకడు, "యోస్ట్‌ని దింపేదాకా నీకు తిండి సయించదా ఆగ్నెస్?" అన్నాడు. హాలంతా నవ్వింది. యోస్ట్ నేల చూస్తున్నాడు.

"నీది ఎంత? 431 కదా?" అన్నాడు ఇంకొకడు.

"కాదు. అది తప్పు. ఇన్నాళ్లూ తప్పు చెప్పాను. 398. కాగితాలు ఇవిగో, ఎవరైనా చూడొచ్చు. యోస్ట్‌ది 412. నన్ను వాడి కింద రాయండి."

నవ్వులు ఆగిపోయాయి. యోస్ట్ తలెత్తాడు.

"మొదటిదానివి కానప్పుడు ఎందుకమ్మా ఇంత గొడవ?" అన్నాడు ఓత్మార్, నిజంగానే అర్థంకాక.

"రెండోదాన్ని కాబట్టి," అన్నాను. "మీరు నన్ను చూసే సభ్యురాలిగా రాశారు. నేను చూడలేదు, ఆడాను. ఇంకేం చెప్పను."

ఓటు. అవును అనేవాళ్లు అట్టలెత్తారు. యోస్ట్ పెన్సిల్‌తో ఒక్కొక్కరినీ చూపిస్తూ బల్లల మధ్య నడిచాడు. నా అట్ట దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగింది. "పదిహేడు," అన్నాడు, నా తల మీదుగా. తర్వాత కాదు అనేవాళ్లు. రెండు సగాలూ కలిపితే ముప్పై మూడు, ముప్పై మూడు.

ఓత్మార్ గొంతు సవరించుకున్నాడు. సమానమైతే తేల్చేది అధ్యక్షుడి ఓటు, అతను ఎటు వేస్తాడో అందరికీ తెలుసు. అప్పుడు కారి అన్నాడు, "నన్ను నేను లెక్కేసుకున్నాను. యోస్ట్, నువ్వు?"

"వేసుకోలేదు," అన్నాడు యోస్ట్.

"రెండింట్లోనూ?"

"రెండింట్లోనూ."

"అయితే ఎటు?" అన్నాడు ఓత్మార్.

యోస్ట్ ఆ దారిలోనే నిలబడి ఉన్నాడు. ఓటున్న అరవై ఏడుమందీ, వెనక బెంచీలవాళ్లూ వాడి వైపు చూస్తున్నారు. వాడు ఆడిన రోజుల్లో కూడా అంతమంది చూడలేదు. పచ్చ అట్ట జేబులోంచి తీసి, సాఫు చేసి, ఎత్తాడు.

"అవును వైపు రాసుకో. ముప్పై నాలుగు." అట్ట దించలేదు. "కానీ ఆమె అంకె తప్పు. కప్పు పోటీల మ్యాచ్‌లు వదిలేసింది. ఇరవై నాలుగున్నాయి. పద్దెనిమిదింటికి జెండా పట్టుకున్నవాణ్ణి నేనే, మిగతావి కూడా నాకు తెలుసు. కలిపితే 422. ఆమె పేరే పైన ఉండాలి."

మా అన్న గడియారం చూసుకుంటున్నాడని పందొమ్మిదేళ్లు అనుకున్నాను. నా మ్యాచ్‌లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఒక్క క్షణం, నిజం రాస్తున్నాను, ఒక్క క్షణం ఆ పైస్థానం నాకు కావాలనిపించింది. వాడే ఇస్తున్నాడు, అందరి ముందూ.

"మీవి కప్పు మ్యాచ్‌లు లెక్కపెట్టారా?" అన్నాను.

"లేదు."

"అయితే నావీ వద్దు. ఒకే లెక్క అన్నాను కదా. 398. ఇక కూర్చో."

"ఓట్లు లెక్కపెట్టేవాడు కూర్చోకూడదే," అన్నాడు.

"అయితే నిలబడు."

నిలబడ్డాడు. ఓత్మార్ సవరణ నెగ్గిందని రాయించి, కాగితం తిప్పాడు. తొమ్మిదో అంశం సైకిళ్ల షెడ్డు. వ్యతిరేకంగా నా పచ్చ అట్ట ఎత్తాను.